పెన్సిలు కింద మునెమ్మ

తిరుత్తణి కొండమెట్ల వీధిలో దండపాణి ఎవరని అడిగితే పది మంది పది వైపులు చూపిస్తారు. సుబ్రహ్మణ్యస్వామి ఊరు కదా, వీధికి నలుగురు దండపాణులు. అదే 'కన్ను తెరిచే తాత' ఇల్లెక్కడ అని అడగండి, పూలమ్మే ఆవిడ దండ కట్టడం ఆపకుండానే గడ్డంతో చూపిస్తుంది. కంటాసుపత్రి అనుకుని కళ్ళజోడు చేత పట్టుకుని వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. పాపం, అంత దూరం వచ్చారు కదా అని వాళ్ళకు దండపాణి టీ ఇప్పించి పంపేవాడు.

అసలు సంగతి వేరు. వెనకటి రోజుల్లో మన పల్లెల్లో బతికుండగా ఫోటో దిగిన మహానుభావులు ఎంతమంది? మనిషి పోయాక గానీ గుర్తొచ్చేది కాదు, అయ్యో ఒక్క పటమైనా లేదే అని. అప్పుడు లబలబలాడుతూ స్టూడియోకి కబురు పెట్టేవారు. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, దండ వేసి ఫోటో తీయించేవారు. తీయిస్తే తీయించారు, కళ్ళు మూసుకున్న ముఖాన్ని ఇంట్లో గోడకు ఎలా తగిలించుకుంటారు? అక్కడే దండపాణి అవసరం పడేది. చచ్చిపోయినాయన కళ్ళు పెద్దవా చిన్నవా, నవ్వితే ముడుచుకునేవా, కోపిష్టా శాంతమా అని ఇంటివాళ్ళను కూర్చోబెట్టి అడిగేవాడు. అడిగి, సన్నటి కుంచె పట్టుకుని కళ్ళు గీసేవాడు. పటం చేతికివ్వగానే, "మా నాయన నన్నే చూస్తాండాడే!" అని బావురుమన్న కొడుకులు ఎంతమందో. అంతకుముందు పదేళ్ళు ఆ నాయనకు గంజి పోయని కొడుకులూ అందులో ఉన్నారనుకోండి, అది మనకెందుకు.

దండపాణి తండ్రి కొండ మొదట్లో కర్పూరం అమ్మేవాడు. ఇరవై ఏళ్ళ వయసులో దండపాణి దేవేంద్రన్ అనే తమిళాయన స్టూడియోలో చేరాడు. దేవేంద్రన్‌ది ఫోటో తీసే చెయ్యి, దండపాణిది దిద్దే చెయ్యి. కిటికీ పక్కన ఏటవాలు బల్ల, దానికి గరుకు అద్దం, కింద వెలుగు తిప్పి కొట్టే మామూలు అద్దం. నెగటివును ఆ గరుకు అద్దం మీద పెట్టి, సూది మొనలా చెక్కిన పెన్సిలుతో చుక్క చుక్కగా పూడ్చేవాడు. నెగటివులో అంతా తిరకాసు కదా, నల్లనిది తెల్లగా, తెల్లనిది నల్లగా ఉంటుంది. అక్కడ పెన్సిలు పడితే ఫోటోలో ఆ చోటు తెల్లబడుతుంది. ఆ ఒక్క కిటుకుతో ఎన్ని అమ్మవారి మచ్చలు మాయం చేశాడో, ఎంతమంది పెళ్ళికూతుళ్ళ చెంపలు నున్నగా చేశాడో లెక్కలేదు. "ఫోటో అంటే ఉన్నది చూపించడం కాదురా, ఉండాల్సింది చూపించడం" అనేవాడు దేవేంద్రన్. దండపాణి ఆ మాటను వేదంలా పట్టుకున్నాడు.

ఒక్కసారి మాత్రం ఆ వేదం తప్పాడు. నాలుగేళ్ళ కిందట భార్య దేవకి పోయినప్పుడు, ఆమె పటం కట్టడానికి కూర్చున్నాడు. నుదుటి మీద చిన్నప్పుడు గేదె కొమ్ము గీరిన గీత ఒకటి ఉంది. కుంచె తీసుకున్నాడు, పెట్టేశాడు, మళ్ళీ తీసుకున్నాడు. చివరికి, అమ్మా అనాల్సిన చోట 'మా' అని పిలిచే కోడలు ధరణితో, "ఆ గీత లేకపోతే ఆమె కాదు మా, ఇంకెవరో" అని అలాగే కట్టేశాడు. అప్పటికైనా బుద్ధి రావాల్సింది. రాలేదు. ఇంటావిడ విషయంలో వచ్చిన జ్ఞానం వ్యాపారం దాకా పోవాలంటే టైము పడుతుంది.

దేవేంద్రన్ తర్వాత దండపాణికి దక్కిన ఆ స్టూడియో ఇప్పుడు ధరణి చేతిలో ఉంది. పాస్‌పోర్టు ఫోటోలు, జిరాక్సు, ఆన్‌లైన్ అప్లికేషన్లు. ఆడికృత్తిక పండక్కి కావడి మోసుకొచ్చిన భక్తులకు నెమలి బొమ్మ తెర ముందు ఫోటోలు. దండపాణికి డెబ్బై నాలుగు. పనేం లేదు గానీ, పొద్దున తొమ్మిదికల్లా వచ్చి వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోకపోతే ఆయనకు ముద్ద దిగదు. వచ్చినవాళ్ళకు తన పనితనం గురించి చెప్పాలి. అందులోనూ ఒక కథ ఉంది, అది చెప్పకుండా ఎవర్నీ వదిలేవాడు కాదు. ధరణి పెళ్ళైన కొత్తలో వింది, కాన్పుకు పోయి వచ్చాక వింది, నిన్న కూడా వింది.

అది వెంగల్ అవతల ఒక పల్లెలో పెద్దింటి ఫోటో కథ. ఊరి పేరు వద్దులెండి, ఆ వంశంవాళ్ళు ఇంకా ఉన్నారు. పంతొమ్మిది వందల డెబ్బై నాలుగులో రంగప్ప నాయుడని ఒక ఆసామి ఇంటిల్లిపాదికీ ఫోటో తీయించాడు. తేకు స్తంభాల పెద్ద వసారా, రెండు వైపులా తిన్నెలు, వెనక వడ్ల కొట్టు, వాకిట్లో గడ్డివామి. మధ్యలో కుర్చీలో ఏడాది నిండని మనవడు, తెల్ల గౌను తొడిగి కూర్చోబెట్టారు. పసిబిడ్డ కుదురుగా కూర్చుంటాడా? దానికి అప్పట్లో ఒక పద్ధతుండేది. కుర్చీ మీద నుంచి నేల దాకా తెల్ల దుప్పటి కప్పి, ఆ వెనక బిడ్డను ఆడించే పనిమనిషిని కూర్చోబెట్టేవారు. ఆమె దుప్పటి కింద నుంచి చెయ్యి పెట్టి బిడ్డ నడుం పట్టుకునేది. ఫోటోలో బిడ్డ ఒక్కడే రాజాలాగా కూర్చున్నట్టు పడేది.

ఆ రోజు బిడ్డ మెసిలాడు, దుప్పటి జరిగింది, చెయ్యి బయటపడింది. ప్రింటు చూసి నాయుడు మండిపడ్డాడు. "నా మనవడి మీద దాని చెయ్యేందయ్యా? తీసేయ్!" అన్నాడు. తెల్ల గౌను మీద నల్లటి చెయ్యి. దండపాణి రెండు రోజులు కూర్చుని పెన్సిలుతో వేలు వేలు పూడ్చాడు. గౌను కుచ్చిళ్ళు కూడా గీశాడు. కుర్చీ కాలి దగ్గర దుప్పటి అంచున ఇంకేదో మచ్చ కనబడితే, పనిలో పనిగా దాన్నీ పూడ్చేశాడు. అదెంత, పావుగంట పని. నాయుడు భూతద్దం పెట్టి వెతికి, "యాడుండాది రా చెయ్యి? నాకే దొరకలేదే!" అని భుజం తట్టాడు. ఆ తట్టిన భుజాన్ని దండపాణి యాభై ఏళ్ళుగా మోస్తున్నాడు.

మొన్న శ్రావణ మాసంలో ఒక మంగళవారం కస్తూరమ్మ వచ్చింది. యాభై అయిదేళ్ళుంటాయి. కంపెనీలో ఊడ్చే పనివాళ్ళకిచ్చే నీలం చొక్కా చీర మీదే తొడుక్కుని ఉంది. చేతిలో ఫోను.

"స్టూడియో మీదేనా అన్నా?" అంది.

"రామ్మా, కూకో. యాడ నుంచి వస్తాండావు?"

"ఆరణి పక్క నుంచన్నా. తిరువళ్ళూరులో ఇస్కూల్లో పాత ఇండ్ల ఫోటోలు పెట్టుండారు కదా, శోభన టీచరమ్మ పెట్టింది. నా కొడుకు పిల్చుకోని పొయినాడు. ఆడ ఒక ఫోటో కింద మీ స్టూడియో ముద్దర ఉన్నింది."

ఫోను ముందుకు చాపింది. దండపాణి కళ్ళజోడు సవరించుకున్నాడు. స్తంభాలు, తిన్నెలు, గడ్డివామి, మీసాల నాయుడు, కుర్చీలో తెల్ల గౌను బిడ్డ. ఆయన ముఖం చూడాలి అప్పుడు! అడగబోయిన పెళ్ళివారే ఎదురొచ్చినట్టు వెలిగిపోయింది.

"ఓహోహో! ఇదా! ధరణీ, చూడు మా, ఏం ఫోటో వచ్చిందో! అమ్మా, ఈ బిడ్డ నడుం దగ్గర ఒక చెయ్యి ఉన్నింది. యాడుండాదో కనుక్కో చూద్దాం. నీకు సాయంత్రం దాకా టైము."

కస్తూరమ్మ ఫోనులో ఆ బిడ్డ నడుం మీద వేలు పెట్టింది. లోపల జిరాక్సు తీస్తున్న ధరణికి ఎందుకో అనుమానం వచ్చి, "మామా, కొంచెం ఆగు" అంది. ఈయన ఆగితే కదా. పెన్సిలు, కుచ్చిళ్ళు, భూతద్దం, భుజం, అంతా చెప్పేశాడు. చెప్పి, మెచ్చుకోలు కోసం తలెత్తాడు.

"అది మా అమ్మ చెయ్యన్నా" అంది కస్తూరమ్మ.

దండపాణి యాభై ఏళ్ళుగా ఆ చేతి కథ చెబుతున్నాడు గానీ, ఆ చేతికి ఒక మనిషి ఉందనీ, ఆ మనిషికి ఒక పేరుంటుందనీ ఒక్కనాడూ తోచలేదు.

"మా అమ్మ పేరు మునెమ్మ. నాయుడోరింట్లో పని చేసేది. నాకు తొమ్మిదేండ్లప్పుడు పచ్చకామెర్లతో పాయె. ఒక్క పటం లేదు. ఇప్పుడు గౌర్మెంటోళ్ళ స్కీములో ఇల్లు కట్టుకున్నాము, రెండు రూములు. వచ్చే శుక్రవారం తప్పి ఆ పై శుక్రవారం పాలు పొంగించేది. గోడకు మా ఆయన పటం ఉండాది, అత్తామామలది ఉండాది. మా అమ్మది లేదు. నాయుడోరింట్లో ఫోటో తీసినప్పుడు బిడ్డని పట్టుకున్నింది నేనే అని మా అమ్మ చెప్పేది. ఆ మాట పట్టుకోని ఇస్కూలుకు పోతిని. కింద తొమ్మిది మంది పేర్లు రాసుండారు. మా అమ్మ లేదు. పట్టుకున్న చెయ్యి కూడా లేదు. సరే, ఫోటో తీసినాయన దగ్గర ఏమన్నా ఉంటుందేమో అని వచ్చినా."

దండపాణికి చేతనైన విద్య ఒక్కటే కదా, దాన్నే ముందుకు పెట్టాడు. "ముఖం ఎట్లుంటుందో చెప్పమ్మా. నేను గీసిస్తా. కండ్లు..."

"ముఖం గుర్తు లేదన్నా." ఆమె గొంతులో కోపం లేదు, అదే ఆయనకు కష్టంగా ఉంది. "ఎంత గింజుకున్నా రాదు. చెయ్యి గుర్తుండాది. మణికట్టు మీద పచ్చబొట్టు, తేలు, దాని కింద మూడు చుక్కలు. అన్నం పెట్టేటప్పుడు ఆ తేలు నా నోటి దగ్గరికి వస్తా ఉంటే భయపడి నవ్వేదాన్ని. ఇంకోటి కూడా గుర్తుండాది. నాయుడోరింటికి పోతా పోతా నన్ను గుడిసెలో పెట్టి తడిక మూసి పోయేది. వాళ్ళ బిడ్డని ఎత్తుకోవాల కదా. తడిక సందుల్లోంచి చూస్తా కూకోనుంటి. మా అమ్మ చేతులు రెండూ వాళ్ళకే పాయె, నాకేం మిగల్లేదనుకుంటి. సరేలే, ఆ చెయ్యన్నా ఫోటోలో ఉంటే గోడకు పెట్టుకుందామంటే, దాన్ని నువ్వు చెరిపేసినావు."

ఫోను చీర కొంగుతో తుడిచి, కొంగులోనే ముడేసుకుని వెళ్ళిపోయింది. ధరణి వెనకే పరిగెత్తి, బస్టాండు దగ్గర అందుకుని నెంబరు రాసుకుంది. లోకంలో కోడళ్ళంటే మామలకు కళ్ళెర్ర గానీ, నెంబరు రాసుకోవాలని ధరణికి తోచకపోతే ఈ కథ ఇక్కడితో ఆగిపోయేది.

ఆ మధ్యాహ్నం దండపాణి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. "నేనేం చేసినా మా?" అన్నాడు. "ఆయన చెప్పినాడు, చేసినా. అది నా పని కదా."

"నీ పనే మామా" అంది ధరణి. "మరి అన్నం ఎందుకు తినకుండా ఉండావు?"

ఆయన కాసేపు గోడ మీద దేవకి పటాన్ని, నుదుటి మీది గేదె కొమ్ము గీతను చూస్తూ నిలబడ్డాడు. ఉన్నట్టుండి నిచ్చెన తెమ్మన్నాడు.

అటక మీద బిస్కెట్ల రేకు డబ్బాలు ఇరవై పైన ఉన్నాయి. అన్నిట్లో నెగటివులే, ఒక్కొక్కటీ ఒక్కో కాగితం కవరులో. ఏది ఏమిటో ధరణి చదివి పెట్టేస్తే గంటలో తేలిపోయేది. కానీ కవర్ల మీది రాత తెలుగు. తమిళ గడ్డ కదా, ఆ పిల్ల ఇంట్లో మాట్లాడేది తెలుగే, బడిలో చదువుకున్నది తమిళం. డబ్బా దించి, దుమ్ము దులిపి, ఒక్కో కవరూ చేతికిస్తే, ఈయన భూతద్దం పెట్టి కూడబలుక్కోవాలి. కొన్ని ఫిల్ములు కవర్లకే అంటుకుపోయాయి. కొన్నింటిని చెదలు తినేశాయి. పెళ్ళిళ్ళు, శవాలు, కావళ్ళు, కొత్తగా కొన్న ఎద్దుల జత పక్కన నిలబడ్డ రైతులు, ఎవరో పోలీసు. మూడు రోజులు తుమ్ముతూ వెతికారు. గురువారం, పన్నెండో డబ్బాలో, అడుగున దొరికింది. కవరు మీద ఇరవై మూడేళ్ళ దండపాణి గుండ్రటి అక్షరాలు: 'వెంగల్ పక్క నాయుడోరిల్లు. చెయ్యి తీసేసింది.'

ఆ మూడు ముక్కలూ చదివి ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. "గొప్పగా రాసుకున్నా మా" అన్నాడు. "ఏదో ఘనకార్యం చేసినట్టు."

అరచెయ్యంత ఫిల్ము. కిటికీ వెలుగుకు పట్టి చూశాడు. బాగానే ఉంది, మూల మాత్రం కొంచెం పసుపెక్కింది. పెన్సిలు పని ఎక్కడుందో ఆయనకు గాక ఇంకెవరికీ కనబడదు. పెన్సిలు పట్టడానికి ముందు రాసిన మెరుపు మందు కూడా అలాగే ఉంది. ఆ మందు టర్పెంటైనుకు కరుగుతుంది. మందు కరిగితే దాని మీది పెన్సిలూ పోతుంది. పోతే కింద ఏముండాలో అదే ఉంటుంది. యాభై ఏళ్ళుగా చెరిపేశాననుకున్నది చెరిగిపోలేదు, దాక్కుని ఉంది.

"ఆమెకు ఫోన్ చెయ్ మా. ఆమె ముందరే తుడుస్తా."

"తుడిచేటప్పుడు ఫిల్ము పాడైతే?"

"అది కూడా ఆమె చూడాల. ఆమెకు తెలీకుండా చేసింది చాలు."

ధరణి ముందు జాగ్రత్తగా ఫిల్మును స్కాను చేసి పెట్టుకుంది. శనివారం కస్తూరమ్మ షిఫ్టు మార్చుకుని వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. ఏటవాలు బల్ల మీద జిరాక్సు కాగితాల కట్టలు పేర్చి ఉంటే, దండపాణి అవన్నీ తీయించి, గరుకు అద్దం తుడిపించి, నెగటివు పెట్టాడు. దూదికి ఒక్క చుక్క టర్పెంటైను అద్దాడు. ఎడం చేత్తో కుడి చేతి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"అమ్మా, ముందే చెప్తాండా. ఊడిపోయినా ఊడిపోతుంది. చెయ్యమంటావా?"

"చెయ్యన్నా. ఇప్పుడు మాత్రం ఏముండాది?"

దూది ఆనించాడు. రుద్దలేదు, పసిబిడ్డ కంటి పుసి తీసినట్టు అలా అద్ది తీశాడు. దూది బూడిద రంగుకు తిరిగింది. ఇంకో దూది. అదీ బూడిదైంది. కుచ్చిళ్ళు పోయాయి. ఆ కుచ్చిళ్ళు గీయడానికి ఒక పూట పట్టిందప్పుడు. వాటి కింద నుంచి తేటగా, నీళ్ళలా ఏదో బయటికొచ్చింది. నెగటివు కాబట్టి నల్లటి చెయ్యి అక్కడ వెలుగులా కనబడుతోంది. ఒక వేలు, ఇంకో వేలు, అయిదూ వచ్చాయి.

"చాలు మామా, స్కాను చేస్తా" అంది ధరణి.

"ఉండు మా. కింద కుర్చీ కాలి దగ్గర కూడా పెన్సిలు పెట్టుంటి. ఏదో మచ్చ. తుడిస్తే అంతా తుడవాల, నా గీత ఒక్కటి కూడా దీని మీద ఉండకూడదు."

అక్కడా దూది అద్దాడు. అదేమిటో చూడకుండానే ఫిల్మును ధరణి చేతికిచ్చేసి వెనక్కి వాలాడు.

ధరణి కంప్యూటరులో వేసి నలుపు తెలుపులు తిప్పింది. తెల్ల గౌను మీద చెయ్యి కనబడింది. పని చేసి చేసి కాయలు కాచిన వేళ్ళు, బిడ్డను ఎక్కడ నొప్పి పుడుతుందో అన్నట్టు పట్టుకుని ఉన్నాయి. గాజుల్లేవు. మణికట్టు మీద మూడు చుక్కలు, వాటి పైన తేలు తోక. తల భాగం దుప్పటి కిందికి పోయింది.

"అమ్మా!" అంది కస్తూరమ్మ. అంతే అంది. స్క్రీను మీద వేలు పెట్టి ఆ తేలును తడిమింది. ధరణి కళ్ళు తుడుచుకుంటూ, చిత్రాన్ని పెద్దది చేస్తూ కిందికి జరుపుకుంటూ పోయింది. కుర్చీ కాలి దగ్గర ఆగింది.

"మామా, ఇది మచ్చ కాదు."

దండపాణి లేచి వచ్చాడు. దుప్పటి అంచు కింద, నేలకు జానెడు ఎత్తున, ఇంకో చెయ్యి. అదే కాయలు కాచిన చెయ్యి, ఎడమది. ఆ గుప్పిట్లో ఇంకో చెయ్యుంది. చింతకాయంత వేళ్ళు, నాలుగేళ్ళ బిడ్డవి. ఆ చిన్న మణికట్టుకు నల్లదారం, దారానికి చిల్లు పెట్టిన రాగి కాసు.

బయట ఎవడో ఆధార్ కార్డు జిరాక్సు కావాలని అరుస్తున్నాడు, ఎవరూ పలకలేదు.

"ఆ కాసు నా దగ్గర ఇప్పుడూ ఉండాది" అంది కస్తూరమ్మ మెల్లగా. "దిష్టికని మా అమ్మ కట్టింది. అది నేనన్నా. నేను దుప్పటి కిందనే ఉండాను. ఆ పొద్దు నన్ను తడికేసి పోలేదు. పిల్చుకోనే పొయింది." తన మణికట్టును తడుముకుంది. "ఒక చెయ్యి వాళ్ళ బిడ్డకిచ్చింది. ఒక చెయ్యి నాకే పెట్టుకున్నింది. ఇన్నేండ్లు నేను... ఎంత మాట అనుకుంటి అన్నా మా అమ్మని. ఎంత మాట అనుకుంటి."

గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఏడ్చింది. చిన్నపిల్ల ఏడ్చినట్టు, నోరు తెరుచుకుని. దండపాణి కూడా పక్కన కూర్చున్నాడు. ఆ మోకాళ్ళతో కింద కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి, అయినా కూర్చున్నాడు.

"తప్పయిపోయిందమ్మా" అన్నాడు. "పై చెయ్యి చెయ్యేనని తెలిసే తీసేసినా. దానికైనా నాయుడి మాట అని చెప్పుకుంటా. కింది చెయ్యి తీయమని నాకు ఎవరూ చెప్పలేదు. నేనే మచ్చ అనుకున్నా. తల్లీ బిడ్డా చేతులు పట్టుకోనుంటే, నా కంటికి మచ్చ కనబడింది. ఎంతమంది కండ్లు తెరిచినానో, నా కండ్లు మాత్రం..."

కస్తూరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "సరే పో అన్నా. నువ్వు పెన్సిలు కింద దాచిపెట్టినావు కాబట్టి చెదలు తినకుండా ఉండాది అనుకుంటా." అది ఆమె మంచితనం. అలా అనుకోవడానికి ఎంత పెద్ద మనసు కావాలో దండపాణికి తెలుసు, అందుకే తలొంచుకున్నాడు.

పటం ఏ మేరకు కట్టాలో అడిగాడు. నాయుడు కావాలా, స్తంభాలు కావాలా? వద్దంది. "మా అమ్మ ఊడ్చిన తిన్నెలు నేనెందుకు గోడకు పెట్టుకునేది?"

"మరి బిడ్డ? అతను ఇప్పుడు చెన్నపట్నంలో పెద్ద ఆఫీసరు. జయచంద్ర. తీసేసి కింది చెయ్యి ఒక్కటీ పెద్దగా వేస్తా."

ఆమె చాలాసేపు ఆ బిడ్డ ముఖం చూసింది. "వద్దులే. ఉండనీ. పాలు తాగే బిడ్డ ఏం చేసింది? మా అమ్మ అంత భద్రంగా పట్టుకోనుంటే మనం తోసేస్తే బాగుంటుందా? అమ్మకు రెండు చేతులు కదన్నా, రెండూ ఉండాల."

నాయుడు, తమ్ముళ్ళు, తేకు స్తంభాలు, పెద్ద వసారా, గడ్డివామి, అన్నీ కత్తిరింపులో పోయాయి. మిగిలింది ఒక కుర్చీ, ఒక బిడ్డ, ఒక దుప్పటి, మూడు చేతులు. దండపాణి ఆ ప్రింటు మీద కుంచె పెట్టలేదు. దుప్పటి ముడతలు కూడా దిద్దలేదు. ఫ్రేముకు అద్దం మాత్రం తానే బిగించాడు. పెద్ద ప్రింటు ఒకటి శోభన టీచరమ్మకు పంపించి, కింద పదో పేరు, పదకొండో పేరు రాయమని ధరణి చేత ఫోన్ చేయించాడు. అవి తమిళంలోనే రాయమన్నాడు, అందరూ చదవాలని.

అనుకున్న శుక్రవారం, పొద్దున్నే, పటాన్ని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని మామా కోడళ్ళు రెండు బస్సులు మారి వెళ్ళారు. ఇల్లు చిన్నది. సున్నం వాసన ఇంకా పోలేదు. గడపకు పసుపు, మామిడాకులు, కొత్త గ్యాసు పొయ్యి. కొడుకు మహేష్ మేకు కొట్టి పటం తగిలించాడు. కస్తూరమ్మ కుంకుమ భరిణె తీసుకుని వచ్చింది. దండపాణిలోని పాత పనివాడు ఉలిక్కిపడి లేచాడు.

"అమ్మా, ఆగు! బతికుండే వాళ్ళ పటానికి బొట్టు పెట్టకూడదు. ఇందులో ఇద్దరు బతికుండారు. ఒకరు నువ్వే."

నిజమే. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చుట్టాల్లో ఒక పెద్దావిడ ఫ్రేము మీద పెట్టమంది, ఇంకొకరు దండ చాలన్నారు. కస్తూరమ్మ ఎవరి మాటా వినలేదు. వేలికి కుంకుమ అద్దుకుని, అద్దం మీద పైచేతి మణికట్టు దగ్గర, మూడు చుక్కల కింద నాలుగో చుక్క పెట్టింది. కిందిచేతికి ఒకటి పెట్టింది. ఆ గుప్పిట్లోని చిన్న వేళ్ళకు తగలకుండా, చూసి చూసి పెట్టింది.

పొయ్యి మీద పాలు పొంగాయి. పక్కింటావిడ పళ్ళెంలో పండూ తాంబూలం పెట్టుకుని వచ్చి, పటం ముందు ఆగింది.

"ఎవరిది కస్తూరీ?"

"మా అమ్మ."

"ముఖమేది మరి?"

దండపాణికి ముఖం గీసిస్తానన్నది గుర్తొచ్చి సిగ్గేసింది. కస్తూరమ్మ మాత్రం పాల గిన్నె దించుతూ, తడుముకోకుండా చెప్పింది.

"దుప్పటి కింద ఉండాది అక్కా. నన్ను చూస్తాండాది."